స్వింగ్ అవ్వగానే స్కాలోకి వెళ్తే గ్రూవ్ జారిపోతోంది, ఎక్కడ సరిచేయాలి?

తాళంకట్టు
ఎనిమిది మంది బ్యాండు: ట్రంపెట్, ఆల్టో శాక్స్, ట్రాంబోన్, గిటార్, కీబోర్డు, డబుల్ బేస్, డ్రమ్స్, పాడే అమ్మాయి. హార్న్స్ ముగ్గురూ పెళ్లి బ్యాండుమేళంలో ఆరితేరినవాళ్లు, ఊపిరికి లోటు లేదు. అమెరికా బ్యాండు చెర్రీ పాపిన్ డాడీస్ లాగా స్వింగ్ (జాజ్ డాన్స్ సంగీతం), స్కా (జమైకా డాన్స్ సంగీతం) రెండూ వాయిస్తూ డాన్స్ ఆగకుండా నడపాలన్నది ప్లాను. స్వింగ్ 150 బీపీఎంలో (నిమిషానికి 150 బీట్లు) బాగా కూర్చుంది. అదే స్పీడులో స్కాకి మారగానే గిటార్ అప్‌స్ట్రోక్ (చెయ్యి పైకి వస్తూ కొట్టే దెబ్బ) ఆలస్యంగా పడుతోంది, డ్రమ్స్‌లో స్వింగ్ వాసన పోవట్లేదు. గిటార్ కోసం ఏ (A), ఈ (E) కీలు (శ్రుతులు) పెట్టుకుంటే ఆల్టో తడబడుతోంది. డాన్స్ చేసేవాళ్లేమో మొదటి ఎనిమిది బార్లూ (నాలుగు బీట్ల ఆవర్తాలు) నిలబడిపోతున్నారు. ముందు దేన్ని పట్టుకోవాలి?

రిమ్‌మీద_దెబ్బ
ముందు గిటార్, డ్రమ్స్. అవి కుదిరితే సగం పని అయినట్టే.

మన లెక్కలో స్వింగ్ తిశ్రం (బీటుకి మూడు ముక్కలు), స్కా చతురశ్రం (నాలుగు ముక్కలు). ఒక బీటుని "త కి ట" అనుకోండి, స్వింగ్‌లో బీటు తర్వాతి దెబ్బ "ట" మీద పడుతుంది. అదే బీటుని "త క ది మి" అనుకుంటే స్కా గిటార్ "ది" మీద పడాలి. 150లో బీటు 400 మిల్లీసెకన్లు. "ది" వచ్చేది 200 దగ్గర, "ట" వచ్చేది 267 దగ్గర. మీకు వినబడుతున్న ఆలస్యం ఆ 67 మిల్లీసెకన్లే, చెయ్యి ఇంకా తిశ్రంలోనే ఉందన్నమాట. పాత జమైకా రికార్డుల్లోనూ కొంచెం తిశ్రం ఛాయ ఉంటుంది, కాదనను. కానీ ముందు తిన్నగా వాయించడం వచ్చాకే దాన్ని కలుపుకోవాలి.

గిటారిస్టుకి: బీటు మీద చెయ్యి తీగల్ని తాకకుండా కిందికి దిగాలి, "ది" మీద పైకి వస్తూ సన్నని మూడు తీగల్నే కొట్టాలి. కొట్టిన వెంటనే ఎడమ చేతి ఒత్తిడి వదిలేయాలి, వేళ్లు మాత్రం తీగల మీదే ఉండాలి. పూర్తిగా ఎత్తేస్తే తీగలు మోగుతాయి. ఓపెన్ కార్డులు (నొక్కని తీగలు కూడా మోగేవి) అసలు వద్దు, బారే కార్డులే (చూపుడు వేలు తీగలన్నిటికీ అడ్డంగా నొక్కేవి). కింది స్ట్రోక్ శబ్దం రాదు కదా అని చెయ్యి ఆపేస్తే రెండు బార్లలో పరుగు మొదలవుతుంది. స్వింగ్‌లో దీనికి పూర్తిగా తిరగబడి, బారుకి నాలుగు డౌన్‌స్ట్రోక్‌లు, మధ్య తీగల మీద, కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో ఫ్రెడ్డీ గ్రీన్ వాయించినట్టు.

డ్రమ్మర్‌కి: రైడ్ (పెద్ద తాళం) వదిలేసి మూసిన హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మీదికి రావాలి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), క్రాస్‌స్టిక్ (స్నేర్ అంచు మీద పుల్ల దెబ్బ) రెండూ కలిసి 2, 4 బీట్ల మీద. ఒకటో బీటు మీద కిక్ పడకూడదు. రాక్ అలవాటున్న కాలు ఒకటి మీదికే పోతుంది, స్కా చచ్చిపోయేది సరిగ్గా అక్కడే. జమైకా స్కా బ్యాండు స్కటలైట్స్‌లో డ్రమ్మర్ లాయిడ్ నిబ్ వాయించింది వినండి.

సాధనకి మెట్రోనోమ్ 150లో పెట్టి, క్లిక్‌ని బీటుగా కాకుండా "ది"గా వినండి. ఇద్దరూ కలిసి రోజుకి పది నిమిషాలు చాలు.

నడిచే_బేస్
పైదంతా ఒప్పుకుంటా. ఒక్కటి కలుపుతా: బేస్‌ని మాత్రం కదపకండి. రెండు శైలుల్నీ కలిపే వంతెన అదే. 1964లో కింగ్‌స్టన్‌లో స్కటలైట్స్ కట్టినవాళ్లు డాన్స్ ఆర్కెస్ట్రాల్లో స్వింగ్, జాజ్ వాయించి వచ్చినవాళ్లు. వాళ్లలో టామీ మెకూక్, డాన్ డ్రమ్మండ్ అక్కడి ఆల్ఫా బాయ్స్ స్కూల్లో నేర్చుకున్నారు. వాళ్ల బేసిస్టు లాయిడ్ బ్రెవెట్ వాయించింది డబుల్ బేసే, బారుకి నాలుగు స్వరాల నడక. అందుకే బేసిస్టు రెండు పాటల్లోనూ అలాగే నడవచ్చు. స్కాలో స్వరాన్ని కొంచెం పొట్టిగా కోస్తే సరి. కీబోర్డు ఎడమ చెయ్యి ఆ జాగాలోకి వస్తే అంతా బురద అయిపోతుంది. కుడి చేత్తో, గిటార్‌తో పాటు "ది" మీద మాత్రమే వాయించమనండి.

పిస్టన్2
ఆల్టో తప్పు కాదండీ, కీ తప్పు. ట్రంపెట్, ఆల్టోలకి రాసే కీ వేరు, మోగే కీ వేరు. మీరు ఏ (A) అన్నప్పుడు ట్రంపెట్ బీ (B)లో వాయించాలి, ఐదు షార్పులు (అర స్వరం పెంచినవి). ఆల్టోకి ఎఫ్ షార్ప్, ఆరు. ఈ (E) అయితే ఆల్టోకి ఏడు షార్పులు! పాటని బీ ఫ్లాట్‌కి జరపండి: ట్రంపెట్ సీ, ఆల్టో జీ, ట్రాంబోన్‌కి సొంతిల్లు. గిటారిస్టు ఏ (A) నుంచి జరిగేది ఒక్క ఫ్రెట్టే (మెట్టే), బారే కార్డులకి అదేం భారం కాదు.

మూడు హార్న్‌లకి కార్డు పంచేటప్పుడు మూల స్వరం ఎవరికీ ఇవ్వకండి, బేస్ దగ్గర ఉంది. బీ ఫ్లాట్ 7 అయితే, అసలు శ్రుతిలో, ట్రాంబోన్ డీ, ఆల్టో ఎఫ్, పైన ట్రంపెట్ ఏ ఫ్లాట్. ఇక ఊరేగింపులో వాయించే గొంతు వేరు, అక్కడ స్వరాన్ని నిండుగా లాగాలి. స్కా రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పలుకు) మొదలెంత గట్టిగా ఉంటుందో చివర అంత శుభ్రంగా తెగాలి. ముగ్గురూ ఒకేసారి ఆపడం విడిగా సాధన చేయించండి. ట్రంపెట్‌కి పాటకి కనీసం ఒక ఎనిమిది బార్లు విశ్రాంతి రాయండి, లేకపోతే మూడో పాటకే పెదవి మొరాయిస్తుంది.

జాగా_ఇవ్వండి
డాన్సర్లు ఆగిపోవడానికి కారణం వేగం కాదు. లిండీ హాప్ (స్వింగ్ డాన్స్) చేసేవాళ్లు రైడ్‌ని పట్టుకుని అడుగేస్తారు, అది ఒక్కసారిగా మాయమైతే కాలు దేన్ని పట్టుకోవాలి? స్వింగ్ చివరి దెబ్బతో అందరూ ఆగాలి, బేస్ ఒంటరిగా రెండు బార్లు నడవాలి. తర్వాత నాలుగు బార్లు గిటార్ కలవాలి. ఆ నాలుగు బార్లలో కొత్త దెబ్బ చెవికి ఎక్కుతుంది, మోకాళ్లు వంగడం మొదలవుతుంది. అప్పుడు డ్రమ్స్, హార్న్స్ ఒకేసారి. నన్నడిగితే స్కాని 130కి దించితే కొత్తవాళ్లకీ సుఖం.

నడిచే_బేస్
కలిపి వాయించే చోట మాత్రం దించొద్దు. బేస్ నడుస్తూ నడుస్తూ నెమ్మదించితే తప్పు జరిగినట్టే వినిపిస్తుంది. 130 కావాలంటే పాట పూర్తిగా ఆపి, కొత్తగా నాలుగు లెక్కపెట్టి ఎత్తుకోండి.

తాళంకట్టు
చాలా థ్యాంక్సండీ. ఒక్క చిక్కుంది: బీ ఫ్లాట్ అయితే పాడే అమ్మాయికి పై స్వరం అందట్లేదు. ఏ (A) కీ వరకే హాయిగా పాడుతుంది.

పిస్టన్2
అయితే పైకి కాదు, కిందికి జరపండి. ఏ ఫ్లాట్: ట్రంపెట్‌కి బీ ఫ్లాట్, ఆల్టోకి ఎఫ్, రెండూ తేలికే. గిటార్‌కి నాలుగో ఫ్రెట్ బారే. ట్రంపెట్ లైను మరీ కిందికి దిగి మందంగా వినిపిస్తే, ఆ రిఫ్ ఒక్కటీ ఆల్టోకిచ్చి, ట్రంపెట్‌ని దాని పైన ఉంచండి.