నదీముఖ పునరుద్ధరణ ప్రణాళికలో ప్రజలను ఏ దశలో, ఎలా కలుపుకోవాలి?

ప్రశ్న

పూడిక నిండి, మడ అడవి పలచబడి, చేపల రాక తగ్గిపోయిన ఒక నదీ ముఖద్వారాన్ని పునరుద్ధరించే ప్రణాళికా బృందంలో నేను సభ్యుడిని. పూడిక ఎక్కడ తీయాలో, మడ మొక్కలు ఎక్కడ నాటాలో గుర్తించిన ముసాయిదా దాదాపు సిద్ధమైంది. ఇక ఒక బహిరంగ సభ పెట్టి ప్రజాభిప్రాయం తీసుకోవాలని మా వాళ్లు అనుకుంటున్నారు. గతంలో నేను హాజరైన ఇటువంటి సభ ఒకదానిలో అధికారులు గంటన్నర మాట్లాడారు, గ్రామస్థులకు ఇరవై నిమిషాలు మిగిలాయి. ఆ కాస్త సమయంలోనే ఒక పెద్దాయన లేచి, "మీరు తవ్వుతామంటున్న చోట రెండు వరదలు వచ్చేసరికి మళ్లీ ఇసుక మేట వేస్తుంది" అన్నారు. ఆ మాట సభా నివేదికలోకి ఎక్కలేదు. ఆయన చెప్పినట్టే జరిగింది. ఈసారి అలా కాకూడదంటే ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ముసాయిదా పూర్తయ్యాక సభ పెట్టాలనుకోవడంలోనే లోపం ఉందని నా అభిప్రాయం. పునరుద్ధరణ అనగానే ఏ కాలపు స్థితికి, ఎవరి అవసరానికి అన్న ప్రశ్న వస్తుంది, దానికి శాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. మడ అడవిని విస్తరిస్తే తీరానికి రక్షణ, చేపపిల్లలకు నీడ పెరుగుతాయి. కానీ ఆ మేరకు బయలు బురదనేల తగ్గి, అక్కడ మేసే వలస పక్షులకూ, గవ్వలు, ఆల్చిప్పలు ఏరుకుని బతికే కుటుంబాలకూ చోటు తగ్గుతుంది. ముఖద్వారాన్ని లోతు చేస్తే చేపలకు దారి ఏర్పడుతుంది గానీ, ఉప్పునీరు ఇంకా లోపలికి చొచ్చుకొచ్చి బావులనూ పొలాలనూ తాకవచ్చు. ఇలాంటి ఎంపికలు బృందం గదిలో తేలిపోయాక మొక్కలు ఏ వరుసలో నాటాలో ప్రజలను అడగడం వారిని గౌరవించడం కాదు. అమెరికా విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో ప్రజా భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరిస్తూ, సమాచారం ఇవ్వడాన్నీ, అభిప్రాయం అడగడాన్నీ నామమాత్రపు మెట్లలోనే ఉంచారు. నిర్ణయంలో వాటా దక్కేది ఆ పై మెట్ల మీదే.

నెదర్లాండ్స్‌లో షెల్ట్ నదీముఖం వద్ద గట్లు కట్టి సాగులోకి తెచ్చుకున్న లోతట్టు నేల అయిన హెడ్విగె పోల్డర్‌ను తిరిగి ఆటుపోట్లకు వదిలిపెట్టాలని బెల్జియంలోని ఫ్లాండర్స్‌తో 2005లో ఒప్పందం కుదిరింది. పర్యావరణ దృష్టితో చూస్తే అందుకు బలమైన కారణాలే ఉన్నాయి. అయితే 1953 నాటి ఉప్పెనలో ఆ దేశం 1,800 మందికి పైగా ప్రజలను కోల్పోయింది, ఎక్కువగా దెబ్బతిన్నది ఆ ప్రాంతమే. కాబట్టి సముద్రం నుంచి సాధించుకున్న నేలను మళ్లీ నీటికి అప్పగించడం అక్కడివారికి మింగుడు పడలేదు. నిరసనలు, కోర్టు వ్యాజ్యాలు, ప్రభుత్వాల ఊగిసలాట దాటి గట్టు తెగేసరికి 2022 వచ్చింది. అంత లోతైన భయాన్ని ఒప్పందానికి ముందే కూర్చుని విని ఉంటే కాలం కలిసివచ్చేదని నేను నమ్ముతున్నాను.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, ఆచరణలో ఎదురయ్యే ఒక చిన్న విషయం చెబుతాను. సభ వేళ మీ చేతి గడియారాన్ని బట్టి కాకుండా పోటుపాటులను బట్టి నిర్ణయించండి. చాలా తీరాల్లో పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ప్రతి శనివారం పదకొండు గంటలకని పెట్టుకుంటే, ఒక వారం వచ్చినవారు మరో వారం వేటలో ఉంటారు. నీరు తీసిన వేళ పెట్టే సభకు బురదలో గవ్వలేరే స్త్రీలు రాలేరు. రాలేదు కాబట్టి వారికి ఆసక్తి లేదని నివేదికలో రాయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

పటం సంగతి కూడా అంతే. మేము గోడకు అంటించిన పటం ముందు ఎవరూ నోరు విప్పలేదు. దాన్ని తీసి నేలమీద పరిచి, నది ఏ వైపు ఉందో ఆ వైపుకే తిప్పి, చేతికి కొన్ని గులకరాళ్లు ఇచ్చాం. పావుగంటలో పాత పాయ ఎటు పోయేదో, వరద తగ్గాక ఇసుక ముందుగా ఎక్కడ తేలుతుందో, ఏ మలుపులో చేప గుడ్లు పెట్టేదో రాళ్లతో చూపించారు. ఒకావిడ మా ఇంజనీరు పెట్టిన రాయిని తీసి జానెడు అవతల పెట్టి, "ఇక్కడ బాబూ, అక్కడ అడుగున రాయి ఉంది" అన్నారు. తరువాత లోతు కొలిచి చూస్తే ఆవిడ మాటే నిజమైంది.

మూడవ సమాధానం

ఇద్దరూ చెప్పినది మంచిదే, కానీ ప్రజలంటే ముఖద్వారం దగ్గర ఉండేవారే కాదు. అక్కడికి చేరే మంచినీరు, ఒండ్రు ఎంతన్నది ఎగువన ఆనకట్టల దగ్గర నిర్ణయమవుతుంది. ఆ రైతులు లేకుండా చేసుకున్న ఒప్పందం ఒక్క నీటి ఎద్దడి ఏడాదిని కూడా తట్టుకోదు. ఒడిశాలోని చిలికా నదీముఖం కాదు, ఉప్పునీటి సరస్సు. అయినా పాఠం ఇక్కడా పనికొస్తుంది. సముద్రపు దారి పూడిపోయి, 1993లో చిత్తడి నేలల పరిరక్షణకు ఉద్దేశించిన రామ్‌సార్ ఒప్పందపు హెచ్చరిక జాబితాకెక్కిన ఆ సరస్సుకు 2000లో కొత్త ముఖద్వారం తెరిచారు, 2002లో అది ఆ జాబితా నుంచి బయటపడింది. ముఖద్వారం తవ్వడంతో ఆగకుండా, పూడిక పుట్టే పరీవాహక గ్రామాల్లో కూడా ప్రజలతో కలిసి మట్టికోత నివారణ పనులు చేపట్టడం అందులో ముఖ్యమైన భాగం.

ఇక అన్ని సూచనలనూ అమలు చేయడం సాధ్యం కాదు, అలా మాట ఇవ్వనూ కూడదు. వచ్చిన ప్రతి సూచననూ ఒక పుస్తకంలో రాసి, స్వీకరించారా, లేదా, ఎందుకు అన్నది ఎదురుగానే నమోదు చేసి, పడవల రేవు దగ్గర అందరూ చూసేలా ఉంచండి. కారణం తెలిసిన నిరాకరణను జనం సహిస్తారు. జవాబే రాకపోతే రెండో సభకు రారు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. ముసాయిదాను పక్కన పెట్టి, ఏమీ చేయకుండా వదిలేయడంతో సహా నాలుగు ప్రత్యామ్నాయాలను ముందుగా ప్రజల ముందుంచాలని ఈ రోజు బృందాన్ని ఒప్పించాను. ఎగువ రైతు సంఘాలకు వేరుగా ఉత్తరం రాస్తున్నాం. గవ్వలేరే స్త్రీలతో మొదటి సమావేశాన్ని పోటు వేళకు, రేవు దగ్గరే పెడుతున్నాం. పటాన్ని నేలమీదే పరుస్తాం.