అన్యాయంగా ఒక్క స్టార్ ఇచ్చిన కొనుగోలుదారుకు ఫోను చేయవచ్చా?

కొత్తవాడ దర్రీలు:
వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీలను, అంటే నేల మీద పరిచే నేత పరుపులను, ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఏ సైటులో అన్నది అనవసరం. పోయిన వారం ఒకాయన ఇలా రాశారు: "నాలుగడుగులకు ఆరడుగులు అన్నారు, పొడవులో అంగుళం తక్కువ. అక్కడక్కడా పోగుల ముడులు. పైగా తడిసి వచ్చింది. పచ్చి మోసం." ఒక్క స్టార్.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, బిగువుగా లాగి కట్టి ఉంటుంది. కోసి దించగానే ఆ బిగువు వదిలి నేత కొంత దగ్గరపడుతుంది. అంగుళం అటూ ఇటూ అవుతుంది. పోగు తెగితే నేతగాడు ముడి వేసి నేత సాగిస్తాడు. చేత్తో నేసిందనడానికి అదే సాక్ష్యం. ఇక తడవడమంటారా, వానలో పార్సిల్‌ను గేటు బయట పడేసి వెళ్లింది కొరియర్ వాళ్లు. ఆ కొరియర్‌ను పెట్టుకున్నది సైటు వాళ్లు. స్టార్ పోయింది నాకు.

ఫిర్యాదు చేస్తే "మా నిబంధనల ఉల్లంఘన ఏమీ కనిపించలేదు" అని జవాబు వచ్చింది. కొరియర్ చీటీ మీద ఆయన నంబరు ఉంది. ఫోను చేసి మాట్లాడితే తప్పా?

పెంబర్తి ఇత్తడి:
తప్పేముంది? దుకాణంలో కొన్నవాడికి కోపం వస్తే తిరిగొచ్చి మొహం మీదే అడుగుతాడు. మనం సర్ది చెబుతాం, టీ తాగి వెళ్తాడు. ఇక్కడ మాత్రం రాయి విసిరి గోడ చాటుకు పోతున్నారు. మా పళ్లెం కొన్న ఒక అమ్మగారు "నెలకే నల్లబడింది, నకిలీ ఇత్తడి" అని రాశారు. ఫోను చేసి "అమ్మా, ఇత్తడి గాలికి నల్లబడుతుంది, చింతపండుతో తోమి చూడండి" అని చెప్పాను. తోమారు, మెరిసింది, ఆవిడే రేటింగ్ మార్చారు. నేను కాళ్లు పట్టుకోలేదు, పైసా ఇవ్వలేదు. మీరూ చేయండి అన్నా.

హన్మకొండ గృహిణి:
నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. ఒకసారి మిక్సీ జారు మూత సరిగా పట్టడం లేదని రెండు స్టార్లు ఇచ్చాను. పొద్దున ఫోను, మధ్యాహ్నం ఫోను, రాత్రి వాట్సాప్‌లో దండాలు పెట్టే బొమ్మలు. "మేడం, మా పొట్ట కొట్టకండి" అని. చివరికి విసుగొచ్చి అయిదు స్టార్లు పెట్టాను. మూత ఇప్పటికీ పట్టదు.

నంబరు ఇచ్చింది పార్సిల్ తెచ్చే అబ్బాయికి దారి చెప్పడానికి. నా ఇల్లెక్కడో మీకు తెలుసు. ఆ సంగతి మీకు గుర్తుండకపోవచ్చు, ఫోను ఎత్తిన నాకు మాత్రం గుర్తుంటుంది. పెంబర్తి అన్న మర్యాదస్తుడే కావచ్చు. కానీ ఫోను మోగగానే అవతల మర్యాదస్తుడో కాదో నాకెలా తెలుస్తుంది?

ఇంకో మాట. ఆరడుగులకు డబ్బు తీసుకుని అంగుళం తక్కువ ఇస్తే, "తక్కువ వచ్చింది" అని రాయడం అన్యాయం ఎలా అవుతుంది?

కొత్తవాడ దర్రీలు:
ఆ అంగుళం దాచుకుని నేనేం చేసుకుంటానమ్మా? మిషను మీద చేసిన ప్లాస్టిక్ చాపకూ దర్రీకీ ఒకే టేపు పెట్టి కొలిస్తే ఎట్లా? ఓరుగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతి నేత అన్న పేరు మీదే ఆ గౌరవం. "తక్కువ వచ్చింది" అని రాసి ఊరుకుంటే నేను ఈ చర్చే పెట్టేవాణ్ని కాదు. "మోసం" అన్నారు, నా బాధ ఆ మాట గురించి.

హన్మకొండ గృహిణి:
గుర్తింపు ఉందని టేపు చిన్నదవదు కదా. కొలత కొంచెం అటూ ఇటూ ఉంటుందని మీ పేజీలో రాశారా?

జమ్మికుంట లెక్కలు:
ఆ పేజీ చూశాను, రాయలేదు. సరే, లెక్క చెబుతాను. అంతకుముందు ఆ దర్రీకి నాలుగు రేటింగులున్నాయి, అన్నీ అయిదు స్టార్లే. ఈ ఒక్కటి చేరగానే సగటు 4.2కు పడింది. మళ్లీ 4.8కి చేరాలంటే వరసగా ఇంకో పదిహేను మంది అయిదు స్టార్లే ఇవ్వాలి, మధ్యలో ఎవరూ నాలుగు కూడా ఇవ్వకుండా. రెండు వందల రేటింగులున్న పెద్ద వ్యాపారికి ఇదే స్టార్ పడితే 5 కాస్తా 4.98 అవుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకే ఈ దెబ్బ. అందుకే చిన్నవాళ్లు ఫోనులకు ఎగబడతారు. సమర్థించడం లేదు, కారణం చెబుతున్నాను.

భూపాలపల్లి తమ్ముడు:
ఇంత ఆలోచన ఎందుకన్నా? మీ బావమరిది, వాళ్ల స్నేహితులు తలా ఒకటి కొని అయిదు స్టార్లు కొడితే సరి. డబ్బు మీరే తిరిగి ఇచ్చేయండి.

కాజీపేట ప్యాకింగ్:
తమ్ముడూ, అది నేరుగా నిబంధనలకు విరుద్ధం. అమ్మేవారు కొనుగోలుదారుల వేషంలో రివ్యూలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. దొరికితే ఖాతాయే పోతుంది.

కొత్తవాడ అన్నకు నా మాట. ఆయన రాసినదాంట్లో మూడు ఫిర్యాదులున్నాయి, వాటిని విడదీయండి. తడవడం డెలివరీ సంగతి. చాలా సైట్లలో వస్తువు మీద రివ్యూ వేరు, అమ్మిన వ్యాపారి మీద అభిప్రాయం వేరు. అమెజాన్‌లో ఆ సంస్థే తన గోదాము నుంచి పంపిన సరుకైతే, డెలివరీ విషయమై వ్యాపారి మీద పడిన చెడు అభిప్రాయాన్ని కొట్టేసి, ఆ బాధ్యత తమదని రాసే పద్ధతి ఉంది. వస్తువు రివ్యూకు అది వర్తించదు. మీ సైటులోనూ అలాంటి వీలుందేమో చూడండి. "అన్యాయం జరిగింది" అని రాస్తే ఎవరూ చదవరు. "ఈ వాక్యం డెలివరీ గురించి, డెలివరీ మీది" అని ఒక్క ముక్క రాసి, ట్రాకింగ్ వివరం జత చేయండి.

అంగుళం సంగతి మాత్రం మీ నెత్తినే ఉంది. వస్తువు ప్రకటించినట్టు లేకపోతే వాపసు తీసుకోనని అమ్మేవారు అనకూడదు, అదీ ఆ 2020 నిబంధనల్లోదే.

పెంబర్తి ఇత్తడి:
నిబంధనలన్నీ కొనేవాళ్ల కోసమేనా? వాళ్లు నోటికొచ్చింది రాయవచ్చు, మనం నోరెత్తకూడదు!

కాజీపేట ప్యాకింగ్:
నోరెత్తండి, అందరి ముందూ ఎత్తండి. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో ఒకప్పుడు అమ్మేవాళ్లు కూడా కొనేవాళ్లకు చెడ్డ రేటింగ్ ఇవ్వగలిగేవారు. నిజం రాస్తే ఎదురు దెబ్బ తగులుతుందని కొనేవాళ్లు భయపడుతున్నారని 2008లో ఆ వీలు తీసేశారు. ఇంటికి ఫోను చేస్తే పుట్టే భయమూ అదే. రివ్యూ కిందనే జవాబు రాసే చోటు ఉంటే అక్కడ రాయండి.

మంచిర్యాల వకీలు:
పరువు నష్టం నోటీసు పంపాలని ఎవరైనా అనేలోగా చెబుతున్నాను, వద్దు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది, నిజమే. కానీ ఒక దర్రీ కోసం కోర్టు మెట్లెక్కితే ఖర్చు మగ్గం ధరను దాటుతుంది. పైగా టేపు పెడితే అంగుళం తక్కువే ఉందాయె.

కొత్తవాడ దర్రీలు:
సరే, ఫోను చేయను. జవాబు రాశాను, చూడండి:

"నమస్కారం. మగ్గం నుంచి దించాక దర్రీ కొంత దగ్గరపడుతుంది, అంగుళం వరకు తేడా రావచ్చు. పేజీలో ఇప్పుడు ఆ మాట చేర్చాం. పోగుల ముడులు చేతి నేతలో సహజం. దర్రీ మా దగ్గర నుంచి పొడిగానే బయల్దేరింది. మీకు నచ్చకపోతే వాపసు పంపండి, పూర్తి డబ్బు ఇస్తాం."

హన్మకొండ గృహిణి:
బాగుంది, పొడిగా బయల్దేరిందన్న వాక్యం తప్ప. చదివేవాళ్లకు అది "మాకేం సంబంధం" అన్నట్టు వినిపిస్తుంది. తడిసిన దర్రీ ఎవరి వల్ల తడిసినా తడిసిందే. లోపల మందమైన ప్లాస్టిక్ కవరు వేస్తారా, లేదా?

కొత్తవాడ దర్రీలు:
ఒక పొర వేస్తాం. వానాకాలం రెండు పొరలు వేయిస్తాను, ఆ వాక్యం బదులు అదే రాస్తాను. ముడుల వాక్యం మాత్రం తీయను.

పెంబర్తి ఇత్తడి:
తీయకండి. ఒక ముడిని దగ్గర నుంచి ఫోటో తీసి పేజీలో పెట్టండి, కొనే ముందే చూసుకుంటారు. ఫోను సంగతిలో మాత్రం నా మాట నాదే. ఆ అమ్మగారు ఇప్పటికీ దీపావళికి మా దగ్గరే కొంటారు.

హన్మకొండ గృహిణి:
ఆవిడ కొంటారు, సరే. మీరు ఫోను చేస్తే ఎత్తకుండా ఊరుకున్నవాళ్లు మళ్లీ కొన్నారా?