లంకమల అంచున డిటెక్టర్‌తో నాణెం దొరికింది, తప్పా ఒప్పా మీరే తేల్చండి

బద్వేలోడు:
అందరికీ నమస్తే. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఏడు వేలు పోసి మెటల్ డిటెక్టర్ కొన్నా. ఇంట్లో తిన్న తిట్లు వేరే సంగతి. మొన్న ఆదివారం మా బామ్మర్దిని వెంటేసుకుని లంకమల వైపు చిట్టడవి అంచుకు పోయినా. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఆ చట్రాన్ని ఊపుతూ తిరిగితే దొరికినవి ఇవీ: సోడా మూతలు పద్నాలుగు, తుప్పు పట్టిన తాళం కప్ప, ఎద్దు లాడం సగం ముక్క (లాడం రెండు ముక్కలుగానే ఉంటుందంట, ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి, ఇది మా బామ్మర్ది చెప్పిన జ్ఞానం), చివర్లో జానెడు లోతున ఒక రాగి నాణెం. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి రుద్దినా, తళతళా మెరుస్తోంది. ఒక వైపు రెండు సింహాలు డాలు పట్టుకుని ఉన్నాయి, కింద 1808. ఇంకో వైపు ఉర్దూ లాంటి రాత, దాని కింద ఎక్స్ ఎక్స్ క్యాష్ అని ఇంగ్లీషులో.

ఎవరికీ పనికిరాకుండా మట్టిలో పడున్నదాన్ని తీసుకుంటే తప్పేంటని నా డౌటు. వచ్చే ఆదివారం ఇంకొంచెం లోపలికి పోదామంటాడు బామ్మర్ది. పోలీసులు పట్టుకుపోతే నన్ను పిలవొద్దంటుంది మా ఆవిడ.

గుత్తికోట:
ముందు ఆ చింతపండు పక్కన పెట్టప్పా! రెండొందల ఏళ్ళు పట్టిన చిలుమును పది నిమిషాల్లో తోమేసినావు. నాణేలు సేకరించేవాళ్ళు ఆ చిలుమును చూసే ముచ్చటపడతారు. తోమిన నాణెం బోడిగుండు లాంటిది, అందంగానే ఉంటుంది కానీ ఎవరూ అడగరు.

నీకు దొరికింది మద్రాసు ప్రెసిడెన్సీ ఇరవై కాసుల నాణెం. ఆ రాత ఉర్దూ కాదు, పారసీకం. ఈస్టిండియా కంపెనీవాళ్ళు వీటిని ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో ఇక్కడికి పంపేవాళ్ళు. అట్లా బయల్దేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం కూడా దాటకముందే గుడ్‌విన్ ఇసుక దిబ్బల్లో మునిగింది. దాన్నిండా ఇవే, టన్నుల కొద్దీ. ఈ కాలంలో వాటిని బయటికి తీసి లోకమంతా అమ్మినారు, అందుకే పెద్ద ధరేం పలకదు. మీ బామ్మర్దికి ఈ సంగతి మెల్లగా చెప్పు.

ఇక తప్పా ఒప్పా అంటే, నా లెక్కలో తప్పు కాదు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చేసినాడు, ఆ తర్వాత ఎనిమిదేళ్ళకు అచ్చయిన కాసు అది. లంకమల దారిలో ఏ కట్టెలమ్మేవాడి నడుం మూటలోంచి జారిందో. నువ్వు తీయకపోతే రేపు జేసీబీ తీస్తుంది, ఎల్లుండి అది రోడ్డు కింద గ్రావెల్‌లో ఉంటుంది. చెరువు పూడిక తీసేటప్పుడు, ఉపాధి పనుల్లో గుంతలు తవ్వేటప్పుడు ముంతల్లో దొరికిన నాణేలు ఎన్ని కరగలేదు? అప్పుడెవరూ ఏడవలేదే.

నందిఊరు:
నేను ఏడ్చినా సార్. మాది అనంతపురం వైపు పల్లె, పేరు ఎందుకులే. మా ఊరి బయట పాడుబడిన గుడిలో ఒక నంది ఉండేది. ఆరేళ్ళ కిందట అమావాస్య మర్నాడు పొద్దున మా అవ్వ పువ్వు పెట్టడానికి పోతే నంది మెడ విరిగి పక్కన పడుంది. కింద మనిషి దిగేంత గుంత, గుంత గట్టున నిమ్మకాయలు, కుంకుమ, ఒక క్వార్టర్ సీసా. నంది కడుపులో వజ్రాలు ఉంటాయని ఎవడు చెప్పినాడో వాళ్ళకు. మా అవ్వ ఆ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎంత పిలిచినా లేవలేదు. తర్వాత సిమెంటుతో అతికించినారు, ఇప్పుడు అది పక్కకు చూస్తున్నట్టు ఉంటుంది. వాళ్ళూ మొదట ఇట్లాగే ఒక మిషన్ కొని సరదాగా మొదలుపెట్టి ఉంటారు కదా?

బద్వేలోడు:
అక్కా, అన్యాయం. నేను సోడా మూతలు ఏరినోణ్ణి, నన్ను నందులు పగలగొట్టేవాళ్ళతో కలిపేస్తే ఎట్లా?

కాయిల్‌బాబు:
మిషన్ గురించి ఒక మాట, ఎందుకంటే దీని చుట్టూ తిరిగే మోసాలే ఎక్కువ. డిటెక్టర్ చక్రంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. అది నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, లోహం తగిలిన చోట ఎదురు క్షేత్రం పుడుతుంది, ఆ తేడాను పట్టి కుయ్యిమంటుంది. ఇంతే. నాణెమంత వస్తువును ఇలాంటి మామూలు మిషన్ పట్టేది జానెడు, మహా అయితే ఇంకొంచెం. మన ఎర్రనేలల్లో ఇనుము ఎక్కువ కాబట్టి నేలే అరుస్తుంటుంది, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల అరుపును మిషన్ పట్టించుకోకుండా చేసే సెట్టింగు) సరిచేసుకోకపోతే ప్రతి రాయీ నిధే అనిపిస్తుంది. కాబట్టి "ఇరవై అడుగుల లోతులో బంగారం చూపించే స్కానర్" అని ఎవడైనా వస్తే వాణ్ణి గేటు దగ్గరే ఆపండి. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న అట్లాంటి గుంపును నమ్మి రెండెకరాలు అమ్ముకున్నాడు. వాళ్ళు చేనులో తవ్విచ్చింది ఒక ఇత్తడి చెంబు, అదీ వాళ్ళే ముందురోజు రాత్రి పాతిపెట్టింది.

తుగ్గలిగాలి:
నాకు అర్థం కానిది ఒకటుంది. తొలకరి పడితే చాలు, మా తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో, అటు వజ్రకరూరులో వందల మంది వచ్చి వంగి వంగి వజ్రాలు వెతుకుతారు. చెట్ల కింద వంటలు, గుళ్ళలో పడకలు. టీవీల వాళ్ళు వచ్చి పండగలా చూపిస్తారు. రాయి దొరికితే వ్యాపారి ఊళ్ళోకే వస్తాడు. దానికి లేని తప్పు రాగి కాసుకు వచ్చిందా? చట్టం గిట్టం అని బద్వేలాయన్నే ఎందుకు భయపెడుతున్నారు?

కోర్టుమెట్లు:
ఇంకా ఎవరూ భయపెట్టలేదు, నేను పెడతా. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగున్న, పది రూపాయలకు మించిన విలువ గల ఏదైనా దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పది రూపాయలనేది ఆ కాలం లెక్క, ఎవరూ మార్చలేదు, ఈరోజు టీ తాగడానికి సరిపోతుంది. ఇక వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటిస్తే నేరం. రక్షిత కట్టడం అయితే చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన రెండొందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. గుత్తి కోటలోనో గండికోటలోనో మిషన్ బయటికి తీశారంటే ఇక నా నంబరు దగ్గర పెట్టుకోండి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి లంకమల. అది అభయారణ్యం, పర్మిషన్ లేకుండా అడుగు పెట్టడమే కేసు. అందులోనూ ఎర్రచందనం అడవి. చీకటితో బయల్దేరి, సంచీ, చిన్న పార, చేతిలో మిషన్ పట్టుకుని బామ్మర్దితో పోతుంటే ఫారెస్టువాళ్ళు నాణేల కోసం వచ్చినారని నమ్ముతారా?

గుత్తికోట:
చట్టం చెప్పినావు కానీ సగం దాచినావు. అదే చట్టంలో నిధి దొరికినవాడికి ముప్పాతిక, నేల యజమానికి పాతిక అని కూడా ఉంది. అయితే కలెక్టర్ కావాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇచ్చి తీసేసుకోవచ్చు. సీసపు శాతవాహన నాణెం తీసుకుపోయి ఇస్తే సీసం ధర, పైన ఐదో వంతు! ఇంత చక్కటి బేరం ఉంటే ఎవడు చెప్తాడు? దొంగల్ని తయారుచేసేది ఆశ ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా.

పెన్నాదాటినోడు:
మాది జమ్మలమడుగు, పదేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నా. ఇక్కడ ఇది ఆదివారం పూట ముసలోళ్ళ వ్యాపకం. రైతు దగ్గర ముందే అనుమతి తీసుకుంటారు, రక్షిత స్థలాల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇక్కడా నేరమే. 1996 చట్టం ప్రకారం నిధి కిందకి వచ్చేదాన్ని చెప్పి తీరాలి, మ్యూజియం తీసుకుంటే మార్కెట్ ధర కట్టి రైతుకూ దొరికినవాడికీ ఇస్తారు. అంటే గుత్తి సార్ చెప్పిన లోహం ధర గొడవ లేదు. మామూలు వస్తువుల్ని నమోదు చేయడానికి ప్రతి ప్రాంతంలో ఒక అధికారి ఉంటాడు, ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు ఎక్కినాయి.

అయినా దొంగలు ఉన్నారు. 2015లో హెర్ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల కాలం నాటి నిధి దొరికితే చెప్పకుండా అమ్ముకున్నారు. 2019లో జైలుకు పోయినారు. బాధ ఏంటంటే, పట్టుబడిన కొద్ది నాణేల మీద ఇద్దరు రాజుల బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. వాళ్ళలో ఒకణ్ణి చరిత్ర అంతదాకా కీలుబొమ్మ కింద తీసిపారేసింది, నాణేలు చూస్తే ఇద్దరూ పొత్తులో ఉన్నట్టు తేలింది. మిగతా నాణేల్లో చాలా భాగం ఇప్పటికీ దొరకలేదు.

నందిఊరు:
తుగ్గలి అన్న అడిగినదానికి ఇందులోనే జవాబుంది. వజ్రం ఎక్కడ దొరికినా వజ్రమే. వానకు కొట్టుకొచ్చిన రాయి, పగిడిరాయిలో దొరికినా పక్క చేలో దొరికినా దాని కథేం మారదు. నాణెం అట్లా కాదు. అది ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన ఉందన్నదే దాని కథ.

కర్నూలు వైపు జ్వాలాపురం తెలుసు కదా. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద అక్కడి లోయలో మందంగా పేరుకుంది. పురావస్తువాళ్ళు తవ్వితే బూడిద కిందా రాతి పనిముట్లు, పైనా రాతి పనిముట్లు. అంత పేలుడు తర్వాత కూడా మనుషులు అక్కడ బతికారేమో అని లోకమంతా మాట్లాడుకున్నది ఆ "కిందా, పైనా" అన్న రెండు మాటల వల్లే. ఎవరో సరదాకి ఆ రాళ్ళన్నీ ఏరి సంచీలో వేసుకుని ఉంటే అవి ఉత్త రాళ్ళు.

తుగ్గలిగాలి:
సరే, ఒప్పుకున్నా, సగం. కానీ ప్రభుత్వం తవ్వితే మాత్రం పద్ధతిగా తవ్విందా? 2017 డిసెంబరులో మా చెన్నంపల్లి కోటలో నిధి ఉందని అధికారులే దగ్గరుండి తవ్వించినారు. రోజూ పోయి చూసేవాళ్ళం, తిరనాళ్ళలా ఉండేది. తేలింది ఎముకలు, ఇటుకలు. నిధి లేదు. కోట మాత్రం గుంతలు పడింది. సామాన్యుడు జానెడు తవ్వితే కేసు, వాళ్ళు తవ్వితే ప్రెస్ మీట్.

గుత్తికోట:
ఈ దెబ్బకు నా దగ్గర జవాబు లేదు! నందిఊరు అమ్మ చెప్పిందాంట్లో న్యాయం ఉంది, కాదనను. కానీ దున్నిన చేలో జానెడు లోతు మట్టి ఎన్నిసార్లు తిరగబడి ఉంటుంది? అక్కడ "కిందా పైనా" ఎప్పుడో పోయింది. అట్లాంటి చోట, రైతు ఒప్పుకుంటే, దొరికింది రాసిపెట్టి చూపించే పద్ధతి మనకూ ఉండాలి. అడవిలో, కోటల్లో వద్దు. నేను ఇంతవరకే దిగొస్తా. బద్వేలప్పా, ఆ నాణెం సరిగ్గా ఎక్కడ దొరికిందో ఫోన్‌లో లొకేషన్ పెట్టుకున్నావా?

బద్వేలోడు:
లేదన్నా. అందుకే నిన్నటి నుంచి సైలెంట్‌గా ఉన్నా. తుమ్మచెట్టు పక్కన అని బాగా గుర్తుంది. కానీ అక్కడన్నీ తుమ్మచెట్లే. బామ్మర్దిని అడిగితే వాగు దాటక ముందంటాడు, నాకేమో దాటినాక అనిపిస్తోంది. తోమేసినా, చోటూ మర్చిపోయినా, ఇక మిగిలింది 1808 అన్న అంకె ఒక్కటే. లాయరన్న చెప్పినట్టు కలెక్టరాఫీసుకు కాగితం రాద్దామని కూర్చుంటే "ఎక్కడ" అన్న దగ్గరే పెన్ను ఆగిపోయింది.

కోర్టుమెట్లు:
గుర్తున్నంతవరకు రాయి. అభయారణ్యం లోపలా బయటా అన్నది మాత్రం రాసే ముందు నాకు ఫోన్ చెయ్యి.

కాయిల్‌బాబు:
మరి ఏడు వేల మిషన్ ఏం చేస్తావు? సెకండ్ హ్యాండ్‌లో మూడొస్తుంది.

నందిఊరు:
అమ్మకండి అన్నా. తిట్టినానని ఏమనుకోకుండా ఒక సాయం చేస్తారా? పోయినేడు బుడ్డలు పీకేటప్పుడు మా అమ్మ చెవి కమ్మ చేలో పడిపోయింది, అరతులం. జల్లెడ కూడా పట్టినాం, దొరకలేదు. చేను మాదే, పర్మిషన్ నేనే ఇస్తున్నా. ఈసారి విత్తనం వేయకముందే ఒక ఆదివారం వచ్చిపోండి. బామ్మర్దిని కూడా తీసుకురండి, భోజనం మా ఇంట్లోనే.