హాల్‌కి లేత ఆకుపచ్చ వేద్దామంటే ఏ షేడూ కుదరట్లేదు, కాస్త చెప్పండి

గోడమీదపిల్లి:
రాజమండ్రిలో మా కొత్త ఫ్లాట్‌కి లప్పం, ప్రైమర్ అయిపోయాయి. పెయింటర్ రోజూ ఫోన్ చేసి "మేడమ్, షేడ్ నంబర్ చెప్పండి" అంటున్నాడు, నాకేమో టెన్షన్. హాల్‌కి లేత ఆకుపచ్చే కావాలి, కానీ నీలం కొట్టే పచ్చ కాదు, కాస్త పసుపు కలిసి వెచ్చగా ఉండేది. షేడ్ కార్డులో చూస్తే పిస్తాలన్నీ బాగానే ఉన్నాయి. తీరా చిన్న డబ్బా కలిపించి గోడకి రాయిస్తే పగలు పాలిపోయినట్టుంది, రాత్రి లైటు వేస్తే ఆస్పత్రి వార్డే. మా అత్తయ్యగారు చూసి "హాయిగా క్రీమ్ వేసుకోక ఎందుకమ్మా ఈ గోల" అనేశారు. కిటికీలు, బాల్కనీ ఉత్తరం వైపు. ఐవరీ టైల్స్, టేకు తలుపులకి పాలిష్. ఇలాంటి రంగు వేయించుకున్నవాళ్లుంటే చెప్పండి ప్లీజ్, క్రీమ్ మాత్రం చెప్పకండి.

బ్రష్షుబాబాయ్:
అమ్మా, రంగు సంగతి తర్వాత, ముందు హాల్లో బల్బు డబ్బా మీద ఏముందో చూడండి. 6500కె (కె అంటే కెల్విన్, వెలుతురు రంగుకి కొలత) అని ఉంటే అది కూల్ డేలైట్, నీలం కొట్టే తెలుపు, దాని కింద ఏ లేతపచ్చ వేసినా ఆస్పత్రే. 3000కె వార్మ్ వైట్ గానీ, మరీ పసుపు అనిపిస్తే 4000కె గానీ పెట్టి మళ్లీ చూడండి. పగలు పాలిపోవడానికి కారణం మీ ఉత్తరం కిటికీ. ఏడాదిలో ఎక్కువ రోజులు అటునుంచి నేరుగా ఎండ రాదు (మే, జూన్‌లో మనవైపు సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి అప్పుడు కొంచెం పడుతుంది), వచ్చేదంతా ఆకాశం వెలుగు, అందులో నీలం ఎక్కువ. అందుకని తూర్పు హాల్లో బాగున్న షేడ్ మీ హాల్లో బాగుండాలని లేదు, మీరు పసుపు వైపు ఇంకో మెట్టు జరగాలి.

ఇంకోటి, షాపులో రంగు కలిపే మెషీన్ దగ్గర నిలబడి ఫార్ములా చూపించమనండి, స్క్రీన్ మీద ఉంటుంది. తెల్ల బేస్‌లో ఒక్క గ్రీనే పడితే అది మింట్ అవుతుంది. బాగా మెరిసే పసుపు పడితే నిమ్మకాయ రంగు. ఎల్లో ఆక్సైడ్ (మెరవని మట్టి పసుపు) కాస్త ఎక్కువ, గ్రీన్ తక్కువ, నలుపు ఒక చుక్క ఉన్న షేడ్ చూడండి, కార్డు మీద కాస్త మట్టికొట్టినట్టు, ఇదేం రంగు అనిపిస్తుంది, గోడ మీదకి వచ్చాక అదే నిలబడుతుంది. కార్డులో మీకు బాగా నచ్చినదాన్ని మాత్రం హాలంతా వేయకండి, నాలుగు గోడలూ ఒకదాని రంగు ఇంకోదాని మీద పడేసుకుని అది ఇంకా చిక్కబడుతుంది.

సైట్_ఇంజనీర్:
బాబాయ్ గారితో ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. చాలా కంపెనీలు షేడ్‌కి ఎల్‌ఆర్‌వీ ఇస్తాయి, అంటే గోడ ఎంత వెలుతురు వెనక్కి కొడుతుందో 0 నుంచి 100 లోపు ఒక అంకె. ఉత్తరం హాల్‌కి 65 పైన ఉన్నది తీసుకోండి, అంతకంటే తగ్గితే పగలే లైటు వేయాల్సి రావచ్చు. శాంపిల్ గోడకి కాకుండా పెద్ద డ్రాయింగ్ షీట్‌కి రెండు కోటింగులు వేయించి, పూర్తిగా ఆరాక చూడండి, తడిమీద ఎమల్షన్ ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. ఆ షీట్‌ని టేకు తలుపు పక్కన, టైల్ పక్కన, సోఫా వెనక పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లో చూడండి. తెల్ల ప్రైమర్ మధ్యలో రాసి చూస్తే ఏ లేత రంగైనా ఉన్నదానికంటే ముదురుగానే కనిపిస్తుంది.

సీలింగ్‌కి ఆ మెరిసే పాల తెలుపు వద్దు. దాని కింద వెచ్చని పచ్చ మాసిపోయినట్టుంటుంది, ఆఫ్‌వైట్ చెప్పండి.

తాండూరుబండ:
మాది హైదరాబాద్‌లో పాత ఇల్లు, కింద నీలం తాండూరు బండలు. వాటి పక్కన వెచ్చని పచ్చ కూడా చల్లబడిపోయింది, చివరికి ఒక్క టీవీ గోడకి వేసి మిగతాది లేత గోధుమ రంగుతో సరిపెట్టాం. మీకు ఐవరీ టైల్సూ టేకూ ఉన్నాయి, సగం పని అక్కడే అయిపోయింది.

కానీ పెయింటర్‌తో ఒక్కటి గట్టిగా చెప్పండి. మావాడు డబ్బా తక్కువ పడిందని వేరే షాపులో అదే నంబర్ కలిపించుకొచ్చాడు, ఒకే గోడ మీద రెండు పచ్చలు! పొద్దున పూట అంతగా తెలియదు, సాయంత్రం లైటు వేశాక గీత కొట్టినట్టు కనిపిస్తుంది. మొత్తం ఒకేసారి తెప్పించి, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో పోసి కలిపాకే రోలర్ ముట్టుకోమనండి. మూత మీద స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకోండి, టచప్‌కి పనికొస్తుంది.

మ్యాట్_వద్దు_బ్రో:
పిల్లలున్నారా? ఉంటే మ్యాట్ (మెరుపు లేని పెయింట్) జోలికి పోకండి, చేతి మరకలు తుడిస్తే అక్కడ నునుపు తేలి మచ్చలా మిగులుతుంది. సాటిన్ (కాస్త మెరిసేది) వేయండి.

బ్రష్షుబాబాయ్:
సాటిన్ వేస్తే లప్పం ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి తమ్ముడూ, అందులోనూ పక్క కిటికీ వెలుతురు పడే గోడకి. లప్పం సాఫీగా ఉంటేనే సాటిన్. అమ్మా, రాత్రి గోడకి ఆనించి ఫోన్ టార్చ్ వేసి చూడండి, తెలిసిపోతుంది.

గోడమీదపిల్లి:
అందరికీ థాంక్సండీ. బల్బులు చూశాను, బాబాయ్ గారు చెప్పినట్టు 6500కే! వార్మ్ బల్బు పెట్టి చూస్తే అదే గోడని మా అత్తయ్యగారు "ఇది పర్లేదు" అన్నారు, ఆవిడ నోట ఆ మాట రావడమే గొప్ప. ఇక షాపుకెళ్లి ఆక్సైడ్ ఉన్న షేడ్లు రెండు కలిపించి షీట్ల మీద చూస్తాను. పిల్లలున్నారు కాబట్టి టార్చ్ పరీక్ష అయ్యాకే మ్యాటా సాటినా అన్నది. వంటగదికి కూడా ఇదే రంగు లాగేయొచ్చా?

సైట్_ఇంజనీర్:
వంటగదిలో గోడ ఎంత మిగిలింది, గట్టు పైన టైల్ ఏ రంగు? అది చెబితే చెప్తాను.