పెళ్లి మండపంలో ఏ ఫోన్ కెమెరా మేలు? పేర్లు దాచిన నాలుగు ఫోటోలు, మీ ఓట్లు

రాయల_సీను:
ఒకే మండపం, నిలబడింది ఒకే చోట, నాలుగు ఫోన్లు. ఫోటోలకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టాను. అన్నీ 2023, 2024లో వచ్చిన లక్ష రూపాయల అటూఇటూ ఫోన్లే. పెళ్లికూతురు చామనఛాయ, ఎర్ర పట్టుచీర, జరీ అంచు. పెళ్లికొడుకు తెల్ల పంచె. వెనక ఊదారంగు ఎల్‌ఈడీ గోడ. సెట్టింగులేవీ ముట్టుకోలేదు, ఎడిటింగ్ లేదు. ఏది ఏ కంపెనీదో ఇప్పుడే చెప్పను, చెబితే ఫోటో వదిలేసి లోగోకి ఓటేస్తారు. ఇప్పటిదాకా 'ఇ' చాలా ముందుంది. నాకూ అదే నచ్చింది. మొహంలో ఆ వెలుగు చూడండి. మెగాపిక్సెళ్ల పాఠాలు చెప్పేవాళ్లు కాస్త ఆగి చెప్పండి.

ఐకాన్_అభి:
'ఇ' ఐఫోనే. కళ్లు మూసుకుని చెప్తా.

బెజవాడ_బుల్లోడు:
కళ్లు మూసుకుంటే అన్నీ ఐఫోన్లే బ్రో. సీను గారూ, పేర్లు చెప్పండి.

పిక్సెల్_పంతులు:
సీను గారూ, పోటీ ఆలోచన బాగుంది, పద్ధతే బాలేదు. నాలుగు ఫోటోలూ పొడవు వైపు 1600 పిక్సెళ్లే ఉన్నాయి, అంటే వాట్సాప్‌లో వచ్చినవి. మామూలుగా పంపితే అది నలిపేస్తుంది. 2023 ఆగస్టులో హెచ్‌డీ మీట ఇచ్చారు గానీ అదీ అసలు ఫైలు కాదు. డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడే అసలు ఫైలు వస్తుంది, షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, ఐఎస్‌ఓ (వెలుగును ఎంత పెంచి చదివింది) ఎంత అన్న వివరాలూ దాంట్లోనే ఉంటాయి.

ఇంకోటి. ఇప్పటి ఫోన్లు ఫోటోలో గెయిన్ మ్యాప్ అని, ఏ చోట ఎంత మెరవాలో చెప్పే ఒక పొర దాస్తాయి. ఆండ్రాయిడ్ 14తో వచ్చిన అల్ట్రా హెచ్‌డీఆర్ అంటే అదే. ఆ పొరను చదివే తెర మీద దీపాలు, జరీ నిజంగానే మెరుస్తాయి. చదవని తెర మీద అదే ఫోటో చప్పగా ఉంటుంది. "నా ఫోన్లో అదిరింది, పంపితే పోయింది" అని జనం వాపోయేది చాలావరకు దీనివల్లే. కాబట్టి నాలుగు ఫోటోలనూ ఒకే తెర మీద, బ్రైట్‌నెస్ ఒకే చోట బిగించి, ఆటో బ్రైట్‌నెస్, కళ్లకు హాయి ఇచ్చే పసుపు మోడ్ రెండూ ఆపేసి చూడాలి.

ఇక వెలుగు. ఒకే కెమెరా తీసిన ఒకే ఫోటోను మూడోవంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) పెంచి పక్కన పెట్టండి, ఓట్లు దానికే పడతాయి. వెలుగు సమం చేయకుండా పెట్టిన పోటీలో గెలిచేది కెమెరా కాదు, వెలుగు.

గోదారి_గట్టు:
ఇంత పురాణం ఎందుకండీ. సెన్సార్ (వెలుగు పట్టే చిప్) పెద్దదైతే గెలుపు దానిదే. వీవో ఎక్స్100 ప్రో, షావోమీ 14 అల్ట్రా రెండింట్లోనూ ఒక అంగుళం సెన్సార్. సామ్‌సంగ్ ఎస్24 అల్ట్రా 200 మెగాపిక్సెల్ అని ఊదరగొడుతుంది గానీ సెన్సార్ 1/1.3 అంగుళమే. ఐఫోన్ 15 ప్రోదీ దాదాపు అంతే. మండపంలో వెలుతురు తక్కువ, పెద్ద గిన్నెలోనే ఎక్కువ నీళ్లు పడతాయి.

పిక్సెల్_పంతులు:
గిన్నె సరే, కొలత వేద్దాం. "ఒక అంగుళం" సెన్సార్ ఐమూలగా 25.4 మిల్లీమీటర్లు ఉండదు, దాదాపు 16.4 మాత్రమే. పాత టీవీ కెమెరా గొట్టాల కాలం నుంచి వస్తున్న పేరు అది. వైశాల్యం సుమారు 128 చదరపు మిల్లీమీటర్లు. ఎస్24 అల్ట్రాది 72. ఎక్స్100 ప్రో లెన్స్ రంధ్రం ఎఫ్ 1.75, సామ్‌సంగ్‌ది ఎఫ్ 1.7 (అంకె తగ్గితే వెలుగు ఎక్కువ). అన్నీ కలిపితే తేడా ముప్పావు స్టాప్. ఉంది, కాదనను. కానీ ఒక్క ఫోటో కోసం ఒక ఫోన్ వరసగా తీసిన తొమ్మిది ఫ్రేములు కలిపి, ఇంకోటి నాలుగే కలిపితే ఆ ముప్పావు స్టాప్ ఎటు పోయిందో కూడా తెలీదు. 200 మెగాపిక్సెల్‌లో వెక్కిరించడానికేమీ లేదు. పదహారు పిక్సెళ్లు కలిసి ఒకటై 12.5 మెగాపిక్సెల్ ఫోటో వస్తుంది. ఒక్కోటి 0.6 మైక్రాన్, కలిస్తే 2.4. మండపంలో 200 మోడ్ పెట్టి తీసినవాడిదే తప్పు.

జూమ్_జానకి:
పెద్ద సెన్సార్‌కి ఒక ఇబ్బంది ఉంది గట్టు గారూ. దగ్గరికెళ్తే ఫోకస్ లోతు తగ్గిపోతుంది. రెండు మీటర్ల నుంచి జంటను తీస్తే ఏ బాధా లేదు. అదే మంగళసూత్రాన్ని 40 సెంటీమీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లే. సూత్రం బాగుంటుంది, కట్టే చేతివేళ్లు మసక. షావోమీ 14 అల్ట్రాలో అపర్చర్‌ని (లెన్స్ రంధ్రాన్ని) ఎఫ్ 4 దాకా మూయొచ్చు కాబట్టి తప్పించుకోవచ్చు, వీవోలో ఆ వీలు లేదు. ఇంకా దగ్గరికెళ్తే చాలా ఫోన్లు చెప్పాపెట్టకుండా అల్ట్రావైడ్‌కి (మరీ వెడల్పుగా చూపే లెన్స్‌కి) మారిపోతాయి. చిన్న సెన్సార్, తక్కువ వెలుతురు, నగలన్నీ ఇసుక రాలినట్టు వస్తాయి. ఐఫోన్‌లో మాక్రో కంట్రోల్ ఆన్ చేసుకుంటే తెర మీద పువ్వు గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి ఆపొచ్చు. సామ్‌సంగ్‌లో కెమెరా అసిస్టెంట్ యాప్ వేసుకుని లెన్స్ దానంతట అది మారడాన్ని ఆపండి. ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి 2ఎక్స్‌లో తీయండి.

జూమ్‌లో కూడా మోసం ఉంటుంది. వెలుతురు తక్కువైతే 3ఎక్స్ నొక్కినా ఫోన్ టెలీ లెన్స్ (దూరానివి దగ్గరగా చూపేది) వాడదు, మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి ఇస్తుంది. టెలీ లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. తెర నల్లబడకపోతే అది మెయిన్ కెమెరానే.

ఐకాన్_అభి:
వేలు పెట్టి చూశా. 😳

గోదారి_గట్టు:
అసలు మొహాలు 24 ఎంఎంలో (వెడల్పుగా చూపే మెయిన్ కెమెరాలో) తీయడమే తప్పు. ఆ లెన్స్ ముక్కు పెద్దది చేస్తుంది.

పిక్సెల్_పంతులు:
లెన్స్ చేయదు, దూరం చేస్తుంది. రెండు మీటర్ల నుంచి 24 ఎంఎంలో తీసి మొహం వరకు కత్తిరించండి, అక్కడే నిలబడి 77 ఎంఎంలో (టెలీ లెన్స్‌తో) తీయండి. ముక్కు ఒకేలా ఉంటుంది.

గోదారి_గట్టు:
24 ఎంఎం వాడితే దగ్గరికి వెళ్లక తప్పదు కదా. అప్పుడు లెన్స్ వల్లనే కదా?

పిక్సెల్_పంతులు:
వెళ్లింది మీరు, లెన్స్ కాదు.

గోదారి_గట్టు:
మాటకారితనం బాగుంది.

వరంగల్_వినయ్:
ముక్కు సంగతి పక్కన పెట్టుండ్రి. పెండ్లిల కష్టమైన ఫోటో తలంబ్రాలు, దాని గురించి ఒక్కలు మాట్లాడ్తలేరు. ఆటోల వదిలేస్తే హాల్ల షట్టర్ సెకనుల 1/50 వంతు కాడ ఉంటది. బియ్యం గింజ సెకనుకు రెండు మీటర్లు పోతదనుకో, ఆ 1/50ల నాలుగు సెంటీమీటర్లు జరుగుతది. ఫోటోల గింజలు కనవడవు, గీతలు కనవడ్తయి. 1/500 పెడితే నాలుగు మిల్లీమీటర్లే. కానీ వెలుగు పదో వంతైతది, ఐఎస్‌ఓ 200 ఉన్నదల్లా 2000 పెట్టాలె.

అయితే అక్కడ్నే ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు మినుకుతది. 1/100, 1/50ల పూర్తి మినుకులు పడ్తయి కాబట్టి ఏం కాదు. 1/500 పెట్టినవంటే ఫోటోల అడ్డంగ నల్ల పట్టీలు. కొన్ని ఫోన్లల్ల ఫ్లికర్ (మినుకు ఆపే) సెట్టింగ్ 60 హెర్ట్జ్ మీద ఉంటది, అమెరికా నుంచి తెచ్చినయైతే ముందు అది చూసుకో, 50 చెయ్యి. మంచి డ్రైవర్ (కరెంటు నిలకడగ ఇచ్చే సర్క్యూట్) ఉన్న వీడియో లైట్లైతే మినుకవు, అవి మండపం మీదికి తిప్పినంక 1/500 పెట్టు. లేకపోతే 1/100 కాడ ఆగి బర్స్ట్ (వరసగ శాన ఫోటోలు) కొట్టు, గింజలు పైకి పోయి కిందికి మళ్లే క్షణంల నెమ్మదిస్తయి, ఆ ఫ్రేమ్ ఏరుకో.

రాయల_సీను:
వినయ్ తమ్ముడూ, పనికొచ్చే మాట చెప్పావు. మిగతావాళ్లు మాత్రం 'ఇ' ఎందుకు గెలిచిందో ఒప్పుకోలేక లెక్కలు తీస్తున్నారు.

జూమ్_జానకి:
ఎందుకు గెలిచిందో నేను చెప్తా. 'ఇ'లో పంచె తెలుపు, అరటి చెట్టు ఆకు, వెనక గోడ, అన్నీ 'ఆ'లో ఎంత వెలుగున్నాయో అంతే ఉన్నాయి. మారింది మొహం ఒక్కటే. పెళ్లికూతురి మొహానికీ మెడకీ రంగు తేడా చూడండి. చేతులు ఒక ఛాయ, మొహం ఇంకో ఛాయ. ఫోన్ మొహాన్ని గుర్తుపట్టి, దాన్ని విడిగా కత్తిరించి వెలుగు లేపింది. నుదుటి బొట్టు అంచు కూడా ఆ లేపుడులో చెరిగిపోయింది. పంతులు గారు అనుకున్నట్టు మొత్తం ఫోటోకి కాదు, మొహానికే వెలుగు పెరిగింది. మీరే చామనఛాయ అని రాశారు, ఆ చామనఛాయ నాలుగింట్లో ఒక్క 'అ'లోనే ఉంది. ఓట్లలో ఆఖరున ఉన్నది అదే.

బెజవాడ_బుల్లోడు:
అబ్బో. ఇప్పుడు మొదలైంది.

రాయల_సీను:
నన్ను రంగు పిచ్చోడిని చేస్తున్నారా మేడమ్? ఆల్బమ్ తెరిచి చూసేది పెళ్లివాళ్లు, మీరు కాదు. ఏ పెళ్లికూతురైనా "నన్ను ఉన్నదానికన్నా నల్లగా చూపించండి" అంటుందా?

జూమ్_జానకి:
"ఉన్నదానికన్నా" అని నేనెక్కడన్నాను? ఉన్నట్టు అన్నాను.

వరంగల్_వినయ్:
అక్క చెప్పింది కరెక్టే. ఇందుల కెమెరా పంచాయితి లేదు. మొహం తెల్లగ చేసిన ఫోనుకు మనం మంచి కెమెరా అని పేరు వెట్టుకుంటున్నం.

రాయల_సీను:
ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లను అడగండి. మొదట వచ్చే మాట "అమ్మాయి మొహం కొంచెం ఎత్తండి" అని, అంటే వెలుగు పెంచమని. కొనేవాళ్లు అడిగేది ఫోన్ ముందే ఇస్తే అది తప్పా?

పిక్సెల్_పంతులు:
ఇవ్వడం తప్పు కాదు సీను గారూ, అడక్కుండా ఇవ్వడం తప్పు. ఆల్బమ్‌లో ఎత్తాలంటే ఎప్పుడైనా ఎత్తొచ్చు. ఫోన్ ఎత్తేసిన మొహంలో పోయిన వివరం వెనక్కి రాదు. పైగా ఎర్రచీర సంగతి చూడండి. ఫోటోలో ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్ల అంకెలే, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. ఎరుపు చానెల్ 255 దగ్గర నిండిపోయాక ఇంకా లేపితే ఆకుపచ్చ చానెలే పెరుగుతుంది, ఎరుపు కాస్తా నారింజ అవుతుంది, నేత గీతలు పోతాయి. పట్టుచీర తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7 దగ్గర ఉంచమనేది అందుకే.

నిజం తేలాలంటే ఓట్లు అక్కర్లేదు. 18 శాతం బూడిదరంగు కార్డు మొహం పక్కన, అదే లైటు పడేలా పట్టించండి. ఫోటో తెరిచి రంగు కొలిచే సాధనంతో కార్డు మీద చూడండి. సరిగ్గా ఎక్స్‌పోజ్ అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 118 దగ్గర ఉంటాయి. ఏ ఫోటోలోనైనా కార్డు 118కి అటూఇటూ ఉంటే ఎడిటర్‌లో అక్కడికి తెచ్చి సమం చేయండి. అప్పుడు కూడా నాలుగింట్లో మొహం నాలుగు రకాలుగా ఉంటే, ఆ తేడా లైటుది కాదు, ఫోన్ చేసిన పని.

ఐకాన్_అభి:
రా (RAW, మెరుగులు దిద్దని ఫైలు) లో తీస్తే సరిపోతుంది కదా సర్?

పిక్సెల్_పంతులు:
ఏ రా? ఐఫోన్ ప్రోరా కూడా ఫ్రేములు కలిపేసిందే. గూగుల్ పిక్సెల్ ఫోన్ రా కూడా అంతే. నాయిస్ (ఇసుక రాలినట్టు కనిపించే చుక్కలు) తగ్గించడం అందులో అయిపోయి ఉంటుంది. మొహం విడిగా లేపడం మాత్రం అంత బలంగా ఉండదు, ఆ మేరకు మేలే. ఒక్క ఫ్రేము రా కావాలంటే బయటి కెమెరా యాప్ వాడాలి.

జూమ్_జానకి:
రా తలనొప్పి వద్దనుకునేవాళ్లు సెట్టింగులు మార్చుకోండి. ముందు బ్యూటీ సున్నా చేయండి. వీవోలో జైస్ నేచురల్ రంగు పెట్టండి. షావోమీలో లైకా వైబ్రంట్ కాకుండా ఆథెంటిక్. సామ్‌సంగ్ కెమెరా అసిస్టెంట్‌లో ఫోటో మెత్తదనం ఆపేయండి. ఐఫోన్‌లో ఫోటోగ్రాఫిక్ స్టైల్స్ 2021లో 13తో వచ్చాయి, అక్కడ టోన్ కొంచెం కిందికి దించండి. గూగుల్ రియల్ టోన్ అని పిక్సెల్ 6తో, అదే 2021లో తెచ్చింది, ముదురు ఛాయల్ని ఉన్నట్టు చూపించడానికే. కొడాక్ కాలంలో ల్యాబులు రంగు సరిచూసుకున్న షర్లీ కార్డుల మీద తెల్ల అమ్మాయి ఉండేది. ఆ కొలత సరిదిద్దుకోవాలని కంపెనీలే ఒప్పుకుంటుంటే, మనం ఇక్కడ కూర్చుని 'ఇ'కి ఓట్లు గుద్దుతున్నాం.

రాయల_సీను:
సరే, కార్డు పెట్టి మళ్లీ తీస్తా. అసలు ఫైళ్లే ఇస్తా. అప్పుడూ 'ఇ' గెలిస్తే ఏం చేస్తారు?

జూమ్_జానకి:
ఎక్కువమందికి నచ్చిన ఫోటో అని శీర్షిక పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడున్న శీర్షిక "ఏ ఫోన్ కెమెరా మేలు" అని.

గోదారి_గట్టు:
కార్డు ఎంత దూరంలో పట్టాలి? 24 ఎంఎంలో అయితే...

పిక్సెల్_పంతులు:
దూరం ఎంతైనా ఫర్వాలేదు గట్టు గారూ, దయచేసి. కార్డు చెంప పక్కనే, చెంప ఎటు తిరిగి ఉందో అటే తిప్పి పట్టాలి. వెనక్కి వంచితే పైలైటు పడి 140 చూపిస్తుంది. ఊదా గోడకు దూరంగా ఉండాలి, లేకపోతే నీలం చానెల్ పెరుగుతుంది. నిగనిగలాడే ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీసి పట్టండి.

రాయల_సీను:
పీటల మీద పెళ్లికూతురి చెంప పక్కన అట్టముక్క పెడతానంటే పురోహితుడు ఊరుకుంటాడా స్వామీ. ముందురోజు రాత్రి లైట్లు బిగించాక వాళ్ల తమ్ముణ్ణి పీట మీద కూర్చోబెట్టి తీస్తా.

జూమ్_జానకి:
తమ్ముడిదీ అదే ఛాయ అయ్యుండాలి మరి.