పదిలో లెక్కలు పోయిన చెల్లికి ఏ ట్రైనింగ్ మంచిది? 30 వేలు కట్టొచ్చా?

ప్రశ్న (పద్మనాభం మండలం నుంచి):
మా చెల్లికి 18 ఏళ్లు. పదో తరగతిలో లెక్కలు ఒక్కటే పోయాయి. అప్పట్నుంచి ఇంటి దగ్గరే ఉంటోంది. వైజాగ్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సు, జాబ్ గ్యారంటీ, ఫీజు 30 వేలు అంటున్నారు. నాన్న కౌలు రైతు, అప్పు చేసైనా కడతానంటున్నారు. మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఏం చేయమంటారు?

మధురవాడ నుంచి ఒకరు:
కట్టకండి తమ్ముడూ. ఆ జాబ్ గ్యారంటీ ఏదో జీతంతో సహా కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, మాట మార్చేస్తారు. ఓపెన్ స్కూల్లో చేర్పించండి. లెక్కలు తీసుకోకుండానే పది పాసవ్వొచ్చు, టెన్షన్ ఉండదు.

రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్:
ఫీజు విషయం సరే గానీ, లెక్కలు వదిలేయమనడం దగ్గర నేను ఒప్పుకోను. ఓపెన్ స్కూల్లో నచ్చిన సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, నిజమే. కానీ పదిలో లెక్కలు లేకపోతే పాలిటెక్నిక్‌లో చేరే పరీక్ష పాలిసెట్ రాయనివ్వరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడులకీ పదిలో లెక్కలు, సైన్సు అడుగుతారు. అమ్మాయికి 18 ఏళ్లే కదా, ఇప్పుడే ఆ తలుపులు మూసేయడం ఎందుకు? పోయింది ఒక్క సబ్జెక్టు. కావలసింది 35 మార్కులు. చదివిన హైస్కూల్ హెడ్మాస్టర్ గారిని కలిసి ఆ ఒక్క పరీక్షకే ఫీజు కట్టించండి. ఇప్పుడు ఏ సిలబస్ వర్తిస్తుందో కూడా ఆయన్నే అడగండి.

పది చేతికొస్తే కంప్యూటర్ కోర్సు ఐటీఐలోనే ఉంది, కోపా అంటారు, ఒక సంవత్సరం. చివర్లో వచ్చేది జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, దేశంలో ఎక్కడికెళ్లినా చెల్లుతుంది. మీరు చెప్పిన ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటుంది? ముందు ఆ ప్రశ్న వేయండి. మన నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తే పదిలో ఇంత శాతం, ఐటీఐలో ఇంత శాతం అని స్పష్టంగా ఉంటుంది. ప్రైవేటు సర్టిఫికెట్‌తో అక్కడ అప్లికేషనే పెట్టలేం. పది పాసయ్యేదాకా ఆగలేమంటే ఎనిమిదో తరగతి అర్హతతో కుట్టుపని, వెల్డింగ్ ట్రేడులు ఉన్నాయి, అవీ ఏడాదివే. వెల్డింగ్ అంటే అమ్మాయికెందుకని ఇంట్లో అంటారేమో. నా క్లాసులో అమ్మాయిలు వేసిన వెల్డింగ్ అతుకు అబ్బాయిలకంటే శుభ్రంగా వచ్చేది, అది వేరే సంగతి. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐకి ఒకసారి వెళ్లి ఏ ట్రేడులు నడుస్తున్నాయో కనుక్కోండి.

ప్రశ్న వేసినవారు:
సార్, చాలా థ్యాంక్స్. కానీ రోజూ కంచరపాలెం ఎలా వస్తుంది? బస్సు టికెట్ ఫ్రీయే, కానీ సాయంత్రం బస్సు తప్పితే ఊరు చేరలేదు. నాన్న భయం కూడా అదే.

డ్వాక్రా యానిమేటర్ (ఆనందపురం మండలం):
ఆడవాళ్లకి ఫ్రీ బస్సు పథకం, స్త్రీ శక్తి, వచ్చాక మా ఊళ్లోనూ ఇదే మాట బాబూ. టికెట్ లేదు సరే, బస్సేదీ? అందుకే మా దగ్గర అమ్మాయిలను హాస్టల్ ఉండే ట్రైనింగ్‌కే పంపుతున్నాం. మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉన్నారా? ఉంటే సంఘాల పనులు చూసే వెలుగు ఆఫీసులో ఏపీఎం (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) గారిని కలిసి డీడీయూ-జీకేవై అని అడగండి, ఉద్యోగ శిక్షణ ఇచ్చే ప్రభుత్వ పథకం అది. 15 నుంచి 35 ఏళ్ల లోపు పల్లె యువతకి, ఆడవాళ్లకైతే 45 వరకు. శిక్షణ ఉచితం. హాస్టల్ ఉండే సెంటర్లలో తిండి, వసతి కూడా వాళ్లదే. సీట్లలో మూడోవంతు ఆడవాళ్లకే. అయితే హాస్టల్ ఎక్కడ, వార్డెన్ ఎవరు, ఉద్యోగం ఏ ఊళ్లో ఇస్తారు, చేతికి ఎంత వస్తుంది, ఇవన్నీ చేరకముందే అడగాలి. వేరే రాష్ట్రంలో ఉద్యోగమంటే నెల తిరక్కుండా వెనక్కొచ్చేసిన పిల్లలున్నారు.

రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్:
ఈవిడ చెప్పింది బాగుంది. ఏది ముందంటే మాత్రం పరీక్ష ఫీజు ముందు. దాని గడువు దాటితే మళ్లీ నెలల తరబడి ఆగాలి. ట్రైనింగ్ బ్యాచ్‌లు వస్తూనే ఉంటాయి.

ప్రశ్న వేసినవారు:
అమ్మ సంఘంలోనే ఉంది. సోమవారం స్కూలుకి వెళ్తాను. మార్కుల మెమో, ఆధార్ చాలా?

డ్వాక్రా యానిమేటర్:
అవి రెండూ, ఫొటోలు పట్టుకెళ్లండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి సచివాలయంలో ఇప్పుడే పెట్టేయండి, ఐటీఐకి కూడా పనికొస్తాయి. నాన్నగారిని కూడా వెలుగు ఆఫీసుకి తీసుకెళ్లండి. ఆయన అడగాల్సినవి ఆయనే అడుగుతారు.