పుస్తకం–పలహారం సభ: అరిసెల డబ్బా కేసు, వాలంటీర్ల చర్చ

పుస్తకాల బాధ్యత:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు లైబ్రరీ పెద్ద గది మనకు ఖాయమైంది. 8 బల్లలు, బల్లకు ఆరుగురు, మొత్తం 48 మంది. వంట చుట్టూ తిరుగుతూ నవ్వించే కోజీ మిస్టరీల (రక్తపాతం చూపకుండా, పోలీసు కాని మామూలు మనిషి నేరం ఛేదించే నవలల) మీద ముప్పావు గంట చర్చ, ఆ తర్వాత బల్లల వారీగా ఒక కేసు ఛేదించడం, మధ్యలో పలహారం.

అందరూ చదవాల్సిన పుస్తకం ఒక్కటే పెడదాం: మియా పి. మనన్సాలా రాసిన 'ఆర్సెనిక్ అండ్ అడోబో' (2021). కథ జరిగేది మన ఇల్లినాయ్‌లోనే, షేడీ పామ్స్ అనే కల్పిత ఊళ్ళో. ఫిలిపీనో కుటుంబం నడిపే రెస్టారెంట్, ప్రతి విషయంలోనూ తలదూర్చే ఆంటీలు, చివర్లో వంటల కొలతలు. ఆ ఆంటీలను పరిచయం చేయాల్సిన పని మనవాళ్ళకు ఉండదు, పేజీ తిప్పగానే ఎవరింటి పిన్నిగారో గుర్తొస్తారు.

చర్చ నడిపేవాళ్ళు మాత్రం ఇంకో రెండు చదివి రండి. ఒకటి ఎం.సి. బీటన్ అగాథా రైజిన్ వరుసలో మొదటి నవల (1992). లండన్ నుంచి ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లెకు చేరినావిడ, కొట్లో కొన్న కీష్‌ని (గుడ్లు, మీగడతో చేసే పై లాంటిది) తన చేతి వంటగా ఊరి పోటీలో పెడుతుంది. అది తిన్న న్యాయనిర్ణేత చనిపోతాడు. విషం తను కలపలేదని చెప్పాలంటే వంట తనది కాదని ఒప్పుకోవాలి. హాస్యమూ, ఉత్కంఠా రెండూ ఆ ఒక్క ఇరకాటంలోనే ఉన్నాయి. రెండోది జోఆన్ ఫ్లూక్ మొదటి హానా స్వెన్సన్ నవల (2000). మిన్నెసోటాలో బేకరీ, వెనక సందులో పాలు సరఫరా చేసే మనిషి శవం, చుట్టూ ఆ బేకరీ కుకీలే చెదిరి ఉంటాయి.

బల్లకు ఇద్దరైనా చదివి ఉంటేనే మాట సాగుతుంది కాబట్టి 16 ప్రతులు కావాలి. ఈ-బుక్ వంతు రావడానికి వారాలు పడుతుంది, లైబ్రరీలో హోల్డ్ (మన పేరు మీద రిజర్వు) ఈ వారమే పెట్టండి. పెద్దక్షరాల ప్రతులు దొరికితే ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నల కోసం ముందే తీసి ఉంచుతాను.

కథ రాత:
థాంక్స్ అక్కా. కేసు రాసే ముందు ఈ నవలలు ఎందుకు పట్టి చదివిస్తాయో మనకు స్పష్టంగా ఉండాలి. లేకపోతే మామూలు క్విజ్ తయారవుతుంది.

పోలీసు కాని మనిషి హత్య గురించి ఎందుకు పట్టించుకోవాలి? ఈ రకం కథలో జవాబు పొయ్యి దగ్గరే దొరుకుతుంది. డయాన్ మాట్ డేవిడ్‌సన్ మొదటి నవలలో (1990) కొలరాడో కేటరర్ వడ్డించిన చోట ఒకాయన మీద విషప్రయోగం జరుగుతుంది, పోలీసులు ఆవిడ వ్యాపారం మూయిస్తారు. నేరస్థుడు దొరికేదాకా ఇల్లు గడవదు. మనన్సాలా కథలోనూ రెస్టారెంట్ మీదే గండం. అందుకే కథానాయిక అడిగే ప్రతి ప్రశ్న వెనకా ఒక అవసరం ఉంటుంది. ఊరికే కుతూహలం అయితే రెండో అధ్యాయానికే విసుగొస్తుంది.

వంట తెలిసిన మనిషికి డిటెక్టివ్‌కి లేని కన్ను ఉండటం ఇంకో ఆకర్షణ. ఏది ఎంతసేపు ఉడకాలి, ఏది రాత్రంతా నానాలి, ఏ వాసన ఎప్పుడు వస్తుంది అన్న లెక్కలతో అబద్ధం బయటపడుతుంది. ఇది జరగని నవలలో వంట పేరుకే ఉంటుంది, ఆ బేకరీని బట్టల కొట్టు చేసినా కథ మారదు. మన కేసులో అలా జరగకూడదు.

హాస్యం విషయంలో నా పట్టుదల ఒకటే. మనుషుల స్వభావం నవ్వించాలి: దొంగతనం గురించి అడగబోతే పచ్చడిలో ఉప్పెక్కువైందన్న బాధ చెప్పుకునే మనిషి ఉండాలి. యాసను, వయసును, కొత్త కోడలిని ఎగతాళి చేసే వాక్యం ఒక్కటి కూడా రాయను.

ఆతిథ్యం:
తమ్ముడూ, పిల్లలూ పెద్దవాళ్ళూ ఒకే బల్ల మీద ఉంటారు. హత్య వద్దు. పలహారం పెడుతూ విషం మాట ఎత్తితే మా అత్తగారి వయసువాళ్ళు చెయ్యి కడిగేసుకుంటారు.

కథ రాత:
అలాగే అక్కా, దొంగతనమే పెట్టాను. సంక్రాంతి అరిసెల పోటీ. మొదటి బహుమతి అరిసెల డబ్బా వంటగది బల్ల మీద ఉంది. 4 గంటలకు న్యాయనిర్ణేత వచ్చి మళ్ళీ రుచి చూసి, ఎలా చేశారో గెలిచినాయన చేత అందరికీ చెప్పించాలి. అంతలో డబ్బా మాయం. అందరి చూపూ రెండో బహుమతి ఆవిడ మీద. తీసింది మాత్రం గెలిచినాయనే, ఎందుకంటే అవి కొన్న అరిసెలు, డబ్బా అడుగున కొట్టు స్టిక్కర్ ఉంది. దీన్ని పెద్ద గ్రూపులోకి దయచేసి ఎవరూ పంపొద్దు.

ఆయన వాంగ్మూలంలో క్లూ ఇలా అనుకున్నాను: 'బియ్యం పొద్దున 9కి నానబోశాను, మధ్యాహ్నానికి అరిసెలు అయిపోయాయి.' వంట బాధ్యత చూసే పిన్నిగారు ఒకసారి చూడాలి.

వంట బాధ్యత:
ఆ క్లూ తీసెయ్యి బాబూ. నానే సమయం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, బల్ల మీద గంటసేపు వాదన నడుస్తుంది. ఎవరూ కాదనలేనివి రెండున్నాయి. ఒకటి, 'పిండి బాగా ఎండబెట్టి జల్లించాను' అనిపించు. అరిసెల పిండి తడిగా ఉండాలి, పిడికిట్లో నొక్కితే ముద్దలా నిలవాలి. ఎండిన పిండితో చేస్తే అంచులు పగిలి గట్టిగా వస్తాయి. రెండోది, 'తీగ పాకం రాగానే దించాను' అనిపించు. అరిసెకు కావలసింది ఉండ పాకం. చల్లటి నీళ్ళలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కట్టాలి, థర్మామీటర్ ఉంటే 113 నుంచి 116 డిగ్రీల సెల్సియస్. తీగ పాకంతో చేసింది నూనెలో వేయగానే విడిపోతుంది. అలా చేసిన మనిషికి మొదటి బహుమతి రాదు.

రెండో బహుమతి ఆవిడ పద్ధతి మాత్రం సరిగ్గా రాయి. పోల్చి చూసుకోవడానికి అది ఉండాలి.

ఇక అసలు అరిసెలు. 60 కావాలంటే బియ్యం కిలోన్నర, బెల్లం కిలో వంద గ్రాములు, నువ్వులు 75 గ్రాములు, నెయ్యి నాలుగు చెంచాలు. బియ్యం 24 గంటలు నానాలి, నీళ్ళు మూడుసార్లు మార్చాలి. వడకట్టి గుడ్డ మీద పావుగంట ఆరనిచ్చి, తడి ఉండగానే మిక్సీ. ఇక్కడి బ్లెండర్‌లో ఒకేసారి నింపితే వేడెక్కి పిండి ఆరిపోతుంది, కప్పు చొప్పున ఆపి ఆపి తిప్పండి. జల్లించిన పిండి మీద తడిగుడ్డ కప్పండి. స్టవ్ ఆపాకే పిండి కలపాలి, మొత్తం ఒకేసారి పోయకూడదు, పాకం ఎంత పీలిస్తే అంతే. మిగిలితే మిగలనీయండి. మంట మధ్యస్థం. తీసిన వెంటనే రెండు గరిటెల మధ్య నొక్కి నూనె పిండెయ్యాలి, చల్లారాక నొక్కితే విరుగుతాయి.

పులిహోరకు మనిషికి 75 గ్రాముల లెక్కన బియ్యం 3 కిలోల 600, చింతపండు 400 గ్రాములు, నూనె అర లీటరు పైన కొంచెం. వేరుశనగలు అందులో వేయొద్దు, పక్కన గిన్నెలో పెడదాం. తాలింపులో శనగపప్పు, మినప్పప్పు చాలు.

ఆతిథ్యం:
ఎలర్జీ కార్డులు నేను రాస్తాను. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద తప్పనిసరిగా చూపాల్సిన ప్రధాన ఎలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవి. మనం ఇంట్లో వండేదానికి లేబుల్ ఉండదు కాబట్టి కార్డు తప్పదు. పిన్నీ, నువ్వులు లేని అరిసెలు ఒక పన్నెండు కావాలి. అవి కొత్త నూనెలో ముందు వేయించి వేరే డబ్బాలో పెట్టండి. నువ్వులవి వేశాక అదే నూనె వాడితే కార్డు రాసి లాభం లేదు.

కథ రాత:
అక్కా, ఇది కేసులోకి కూడా పనికొస్తుంది. అలంకరణ చూసే పాత్రకు నువ్వుల ఎలర్జీ పెడతాను. డబ్బా పెట్టిన చోటంతా నువ్వులు రాలి ఉన్నాయి, ఆవిడ చేతులకు దద్దుర్లు లేవు, కాబట్టి అనుమానితుల్లోంచి బయటికి. బల్లలకు విడతలుగా ఇచ్చే మూడు కవర్లలో మొదటిదాంట్లోనే ఎలర్జీ సంగతి చెప్పేస్తాను. పాఠకుడికి చూపని క్లూతో డిటెక్టివ్ కేసు తేల్చకూడదని డిటెక్టివ్ కథల రచయిత రోనల్డ్ నాక్స్ 1929లోనే నియమం రాశాడు. అది తప్పితే చివర్లో చప్పట్లకు బదులు గొణుగుడు వినిపిస్తుంది.

బల్లకు ఆరు వాంగ్మూలం కార్డులు, మనిషికొకటి. తన కార్డు తనే పైకి చదవాలి, పక్కవాళ్ళకు ఇవ్వకూడదు. ఇలా చేయకపోతే చురుకైన ఒక్కరు ఆరూ లాక్కుని పది నిమిషాల్లో తేల్చేస్తారు, మిగతా ఐదుగురూ ఫోన్లు చూస్తారు. కార్డుకు ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు, అక్షరం 16 పాయింట్లు. పాత్రధారులు నటించడం వద్దు, 48 మంది మాట్లాడుతుంటే వెనక బల్లలకు ఒక్క ముక్క వినపడదు.

2:50కి మొదటి కవరు, 3:15కి పలహారంతో రెండోది, 3:50కి స్టిక్కర్ ఫొటో ఉన్న మూడోది. ఫొటోలో స్టిక్కర్ సగమే కనపడాలి. 4:20కి జవాబు కాగితం: ఎవరు, ఎందుకు, ఏ రెండు వాక్యాలు పట్టించాయి. పేరు ఊహించిన బల్లకు కాక, రెండు వాక్యాలు చూపిన బల్లకే బహుమతి.

హాలు, పరికరాలు:
గదిలో మంట వెలిగించకూడదు, కాబట్టి కేటరింగ్ డబ్బాల కింద వెలిగించి పెట్టే ఇంధన జెల్ కుదరదు. టీ అర్న్ (టీ వేడిగా ఉంచే పెద్ద కరెంటు పాత్ర) 1500 వాట్లు, వేడి ట్రే ఇంచుమించు అంతే. 120 వోల్టుల 15 ఆంపియర్ల లైను మొత్తం 1800 వాట్లకే ఫ్యూజు తన్నేస్తుంది. రెండూ ఒకే గోడ ప్లగ్గుల్లో పెట్టొద్దు, అర్న్ తలుపు వైపు, ట్రే కిటికీ వైపు. ఆ రెండు గోడలూ వేర్వేరు బ్రేకర్ల మీద ఉన్నాయో లేదో ముందు రోజు సిబ్బందిని అడిగి తేలుస్తాను. వండిన అన్నం గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. పులిహోర 3:15 దాకా వేడి డబ్బాల్లోనే, 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా. 5 గంటలకు మిగిలింది తీసెయ్యాలి, ఇళ్ళకు కట్టివ్వొద్దు.

పుస్తకాల బాధ్యత:
కార్డులు ముందు బయటివాళ్ళ మీద పరీక్షించాలి. వంట బాగా వచ్చిన ముగ్గురు, అసలు రాని ముగ్గురు ఒకే బల్ల మీద. పది నిమిషాల్లో తేలితే పాకం వాక్యాన్ని ఇంకాస్త మాటల మధ్య దాచాలి. నలభై నిమిషాలకూ తేలకపోతే రెండో బహుమతి ఆవిడ కార్డులో ఉండ పాకం సంగతి మరో వాక్యం పెంచాలి. వంట రానివాళ్ళకు అదే ఆధారం. దీనికి వచ్చే ఆదివారం సాయంత్రం ఇల్లు ఇవ్వగలిగినవాళ్ళు కింద రాయండి.

వంట బాధ్యత:
మా ఇంటికి రండి. బియ్యం శనివారమే నానబోస్తాను, పిండి తడి ఎంతుండాలో చేత్తో చూస్తే వేయించే నలుగురికీ తెలుస్తుంది. గరిటెలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, నా దగ్గర ఒక్క జతే ఉంది.